ట్రైలర్ లాగే పికప్‌కి ఏ ప్యాడ్లు, ఏ రోటర్లు వేయాలి? కొలరాడో వెళ్ళేలోపు సలహా కావాలి

నల్లరేగడి (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది 2016 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో పెట్రోల్ ఇంజన్. వెనక చక్రాల మీద ఇల్లు లాంటి ట్రావెల్ ట్రైలర్ కడతాం. నీళ్ళు, సామాను నింపాక ట్రైలర్ 6,500 పౌండ్లు తూగింది. మనుషులతో కలిపి బండి 6,000 పౌండ్లు. రెండూ హైవే పక్క ట్రక్కుల తూకం దగ్గర తూయించినవే.

వేసవి సెలవుల్లో అమరిల్లో, రటోన్ పాస్ మీదుగా కొలరాడో స్ప్రింగ్స్ వెళ్ళి, అక్కణ్ణుంచి డెన్వర్ దాటి ఐ-70 హైవే పట్టుకుని సిల్వర్‌థార్న్ దిగాలని ప్లాన్. ఇంట్లో చిన్నపిల్లలు, మా అమ్మానాన్న కూడా వస్తున్నారు. అందుకే బ్రేకుల విషయంలో టెన్షన్‌గా ఉంది.

60 మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ పాదం కింద కొట్టుకుంటోంది. దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే రోటర్లు (చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కులు) వంగిపోయాయి, ముందూ వెనకా అన్నీ మార్చాలి అన్నారు. రోటర్‌ని నొక్కి ఆపే ప్యాడ్లు ఏవి వేస్తారని అడిగితే "ప్రీమియం సెరామిక్" అన్నారు తప్ప కంపెనీ పేరు కూడా చెప్పలేదు. పనిముట్లు ఉన్నాయి, నేనే మార్చుకుందామనుకుంటున్నా. లోడు లాగే బండికి సెరామిక్ మంచిదా, సెమీ మెటాలిక్ (లోహం పోగులు కలిపినది) మంచిదా? రోటర్లు మామూలువా, గాట్లు ఉన్నవా, రంధ్రాలు ఉన్నవా? ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో సైజుకి ముప్పై రకాలు చూపిస్తోంది.

ఎర్రబస్సు (ఎడిసన్, న్యూ జెర్సీ)

నేను సెరామికే వాడతాను బ్రో. చప్పుడు ఉండదు, చక్రాలు నల్లబడవు, రోటర్ తక్కువ అరుగుతుంది. అకెబోనో కంపెనీ ప్యాడ్లు వేశాక బండి మళ్ళీ కొత్తదానిలా ఆగుతోంది. అప్పుడప్పుడూ చిన్న బోటు లాగుతాను, ఇబ్బందేమీ రాలేదు. ఊరికే ఎక్కువ ఆలోచించకు, మంచి కంపెనీది తీసుకుని వేసెయ్.

కొలిమి (నోవై, మిషిగన్)

ఎర్రబస్సు గారు చెప్పింది ఆయన వాడకానికి సరిపోతుంది. న్యూ జెర్సీలో చిన్న బోటు వేరు, 6,500 పౌండ్ల ట్రైలర్‌తో ఐ-70 మీద ఐసెన్‌హవర్ సొరంగం దాటి దిగడం వేరు. నేను బ్రేకుల టెస్టింగ్‌లోనే పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ "వంగిపోయాయి" సంగతి. రోటర్ నిజంగా వంగడం చాలా అరుదు. మీకు తెలుస్తున్న వణుకు ఎక్కువగా మందంలో తేడా వల్ల వస్తుంది. రోటర్ చుట్టూ మందం అంగుళంలో వెయ్యో వంతు అటూ ఇటూ అయినా పాదానికి తెలిసిపోతుంది. ఆ తేడా ఎలా వస్తుందంటే: హబ్ (రోటర్, చక్రం ఎక్కే మధ్య భాగం) మీద తుప్పు ఉండగానే రోటర్ ఎక్కించినా, చక్రం బిగించే లగ్ నట్లు ఎగుడుదిగుడుగా బిగించినా రోటర్ సన్నగా ఊగుతూ తిరుగుతుంది. ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌ని రాసుకుంటూ, నెలల తరబడి అక్కడ అరిగిపోతుంది. ఇంకో కారణం, బ్రేకులు బాగా వేడెక్కి ఉండగా పెడల్ తొక్కి పట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే రోటర్‌కి అంటుకుంటుంది. కారణం చూడకుండా కొత్త రోటర్లు వేస్తే కొన్నాళ్ళకి అదే వణుకు మళ్ళీ వస్తుంది.

ఇక ప్యాడ్లు. పెట్టె మీద సెరామిక్ అని రాయాలంటే లోపల ఫలానా పదార్థం ఇంత శాతం ఉండాలనే నియమం ఏదీ లేదు. కొత్త బండి అమ్మాలంటే అమెరికాలో బ్రేకుల సమాఖ్య ప్రమాణం దాటాలి. విడిగా అమ్మే ప్యాడ్లకి మాత్రం ఆ పరీక్ష తప్పనిసరి కాదు. యూరప్‌లో ఆర్90 అని ఒక నిబంధన ఉంది, ఇక్కడ అలాంటిది లేదు. అందుకే పేరు చూసి కాదు, ఏ వాడకానికి తయారు చేశారో చూసి కొనాలి. ఫ్లీట్, పోలీసు, టోయింగ్ వాడకానికని చేసిన సివియర్ డ్యూటీ రకాలు ఉంటాయి, ఎక్కువగా సెమీ మెటాలిక్. వాగ్నర్ సివియర్ డ్యూటీ, హాక్ ఎల్‌టీఎస్ లాంటివి. ఫోర్డ్ వాళ్ళ మోటార్‌క్రాఫ్ట్ ప్యాడ్లు కూడా తీసిపారేసేవి కావు. ఈ బండి ఎంత లాగగలదో చెప్పిన కంపెనీయే వాటిని ఎంచుకుంది.

సెమీ మెటాలిక్‌తో ఇబ్బందులు లేకపోలేదు. చలికాలం పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులు కొంచెం మొద్దుగా ఉంటాయి, ధూళి నల్లగా పడుతుంది, రోటర్ కాస్త ఎక్కువ అరుగుతుంది. వేడెక్కాక పట్టు జారకుండా ఉండడం కోసం నేనైతే ఇవన్నీ ఒప్పుకుంటాను.

నల్లరేగడి

చాలా థాంక్స్ కొలిమి గారూ. ప్యాడ్ అంచు మీద ఏవో అక్షరాలు ఉంటాయి, ఎఫ్ఎఫ్, జిజి అని. దాన్ని చూసి ఎంచుకోవచ్చా?

కొలిమి

కొంతవరకు. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి గుణకం (ప్యాడ్ పట్టు ఎంతో చెప్పే అంకె), రెండోది బాగా వేడెక్కాక ఉండేది. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు ఒక మెట్టు తగ్గుతుందని అర్థం. లోడు బండికి అది వద్దు, ఎఫ్ఎఫ్ లేదా అంతకన్నా పైది చూడండి.

కానీ ఆ పరీక్ష చేసేది అంగుళం ముక్కని కోసి, ఒక చిన్న డ్రమ్ము మీద. "వేడి" అన్నది కూడా సుమారు 650 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకానే. కొండ దిగేటప్పుడు రోటర్ అంతకు మించి వేడెక్కగలదు. అందుకని ఈ అక్షరాలు పనికిరానివాటిని పక్కన పెట్టడానికి ఉపయోగపడతాయి, మంచివాటిలో ఏది మేలో తేల్చవు. ఎఫ్ఎఫ్ ఉన్న రెండు ప్యాడ్లు ఘాట్‌లో పూర్తిగా వేరుగా ప్రవర్తించడం టెస్టింగ్‌లో మేం చూస్తూనే ఉంటాం.

అదే అంచున ఆకు గుర్తు పక్కన ఏ, బి, ఎన్ అని ఇంకో అక్షరం ఉంటుంది. అది రాగి శాతం గురించి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల చట్టాల వల్ల వచ్చింది. ఎన్ అంటే రాగి 0.5 శాతం కన్నా తక్కువ. ఆగడానికి దానికీ సంబంధం లేదు, చేపలకీ వాగులకీ ఉంది.

కొండదారి (ఆరోరా, కొలరాడో)

నల్లరేగడి అన్నా, నువ్వు దిగబోయే దారి నాకు బాగా తెలుసు. సొరంగం పడమటి ముఖం 11,158 అడుగుల ఎత్తులో ఉంటుంది. సిల్వర్‌థార్న్ ఊరు 9,035 అడుగులు. అంటే దాదాపు ఎనిమిది మైళ్ళలోనే రెండు వేల అడుగులు దిగిపోతావు, వాలు 7 శాతం దాకా ఉంటుంది. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కనే కంకర ర్యాంపులు కట్టి పెట్టారంటే ఆ దారి ఎలాంటిదో చూసుకో. ఎండాకాలం సాయంత్రాలు అక్కడ బ్రేకు కాలిన వాసన రాని రోజు ఉండదు.

పైక్స్ పీక్ కూడా వెళ్తారేమో, అక్కడికి ట్రైలర్ విప్పేసి వెళ్ళండి. దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు బండి ఆపి బ్రేకుల వేడి కొలుస్తారు. ఎక్కువుంటే పక్కన పెట్టించి చల్లారాకే పంపిస్తారు. ఖాళీ కార్లనే ఆపుతున్నారంటే వెనక మూడు టన్నులున్న బండి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొలిమి

కొండదారి గారు అంకెలు ఇచ్చారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

బండీ ట్రైలరూ కలిపి 12,500 పౌండ్లు, అంటే 5,670 కిలోలు. 60 మైళ్ళ వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 20 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. ఇప్పుడు ఆ 2,123 అడుగులు, అంటే 647 మీటర్లు దిగితే? దాదాపు 3.6 కోట్ల జౌళ్ళు. 60 నుంచి సున్నాకి పదిహేడు పద్దెనిమిది సార్లు వెంటవెంటనే ఆపినంత. గాలి, టైర్ల రాపిడి కొంత తినేస్తాయి. మిగతాది ఇంజన్ మోయాలి, లేదా బ్రేకులు మోయాలి.

బండి నాలుగు రోటర్లలో కలిపి 40 కిలోల ఇనుము ఉందనుకుందాం. ట్రైలర్ బ్రేకులు అసలు పని చేయకపోతే 60 నుంచి ఒక్కసారి ఆపడానికే ఆ ఇనుమంతా సగటున 110 డిగ్రీల సెల్సియస్ వేడెక్కుతుంది. ముందు రోటర్లు ఇంకా ఎక్కువ. చల్లారే టైము ఇవ్వకుండా నాలుగైదు సార్లు అలా ఆపితే ఎంత గొప్ప ప్యాడైనా చేతులెత్తేస్తుంది.

రోటర్ బరువు గురించి నేను మొత్తుకునేది ఇందుకే. సన్నటి రేకు పెనం క్షణంలో కాలిపోతుంది, మందపాటి ఇనుప పెనం నిదానంగా వేడెక్కుతుంది. రోటరూ అంతే. ఒకే సైజు రోటర్ రెండు కంపెనీలవి తూస్తే చవకది తేలిగ్గా ఉండడం మామూలే, లోపలి గాలి రెక్కలు కూడా తక్కువ ఉంటాయి. వీలుంటే బరువు చూసి కొనండి. పాతవాటిని లేత్ మీద చెక్కించి వాడడం కూడా లోడు బండికి నేను సలహా ఇవ్వను. చెక్కిన ప్రతిసారీ వేడిని దాచుకునే ఇనుము పోతుంది.

ఉప్పుటేరు (కాకినాడ)

నమస్కారమండి. అమెరికా బళ్ళ గురించి నాకు తెలియదు గానీ మా ఇంట్లో లారీలు ఉన్నాయి, చిన్నప్పట్నుంచీ క్యాబిన్లోనే పెరిగాను. మా డ్రైవర్లు చెప్పేది ఒకటే: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. శ్రీశైలం ఘాట్ గానీ అరకు ఘాట్ గానీ పై నుంచే చిన్న గేర్ వేసుకుని బయల్దేరాలండి. స్పీడు అందుకున్నాక గేరు తగ్గిద్దామంటే పడదు. న్యూట్రల్లో దిగేవాణ్ణి మా నాన్నగారు మళ్ళీ బండి ఎక్కనిచ్చేవారు కాదు.

తిరుమల దిగే దారిలో టైము చీటీ ఇచ్చేది కూడా ఇందుకే కదండీ. తొందరగా దిగితే జరిమానా. మెల్లగా దిగితే బ్రేకు తొక్కే పని సగం తప్పుతుంది.

కొండదారి

ఉప్పుటేరు గారు లక్ష రూపాయల మాట చెప్పారు. ఎఫ్-150లో టో హాల్ మోడ్ బటన్ ఉంటుంది, అది నొక్కి పెట్టు. బ్రేకు తొక్కినప్పుడు గేరు అదే తగ్గిస్తుంది. అది చాలకపోతే గేర్ లీవర్ మీద ప్లస్ మైనస్ బటన్లతో ఇంకా కిందికి దించు. ఇంజన్ నాలుగు వేల ఆర్‌పీఎంలో అరుస్తుంటే భయపడొద్దు, దానికేం కాదు. పెట్రోల్ టర్బో ఇంజన్‌కి పట్టు కాస్త తక్కువే, డీజిల్ బళ్ళలా ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉండదు. కాబట్టి సొరంగంలో ఉండగానే స్పీడు తగ్గించేసుకో, బయటపడ్డాక చూద్దాం అనుకోకు.

బ్రేకు తొక్కాల్సి వస్తే గట్టిగా తొక్కి పది మైళ్ళు తగ్గించి వదిలెయ్. మళ్ళీ పెరిగాక మళ్ళీ అలాగే. పాదం ఆనించి మెల్లగా రాస్తూ దిగడమే అన్నిటికన్నా ప్రమాదం, రోటర్‌కి ఊపిరి తీసుకునే సందు ఉండదు.

పాలపిట్ట (హ్యూస్టన్, టెక్సస్)

ఇంతమంది బండి బ్రేకుల గురించే మాట్లాడుతున్నారు. నల్లరేగడి గారూ, మీ ట్రైలర్ బ్రేకులు చివరిసారి ఎవరు చూశారు?

మేం బోటు ట్రైలర్, ట్రావెల్ ట్రైలర్ రెండూ లాగుతాం. నా అనుభవంలో ముందు బండి ప్యాడ్లు తొందరగా అరిగి రోటర్లు మాడుతున్నాయంటే సగం సార్లు వెనక ట్రైలర్ తన వంతు పని చేయట్లేదని అర్థం. 6,500 పౌండ్ల ట్రైలర్ తన బరువు తనే ఆపుకోవాలి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే హైవే మీద ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాల్సిందే, కొలరాడోలో ఆ హద్దు 3,000 పౌండ్లే. ఉన్నాయా అంటే అందరికీ ఉన్నాయి. పని చేస్తున్నాయా అనేదే అసలు ప్రశ్న. పైగా 2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో సొంత బండ్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. ఇంక మనం చూసుకోకపోతే చూసేవాళ్ళు లేరు.

ఇలా చేయండి. ట్రైలర్‌ని బండికి తగిలించి, ట్రైలర్ చక్రాలకి అటూ ఇటూ చెక్కలు పెట్టి, ఒక్కో చక్రాన్ని జాకీ మీద లేపండి. చక్రం చేత్తో తిప్పి వదిలి, బండి లోపల ఎవర్నైనా ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీద చేతి మీట నొక్కమనండి. జుమ్మని సన్నటి శబ్దం వచ్చి చక్రం టక్కున ఆగాలి. నాలుగింటికీ ఇదే చేయండి. ఆ తర్వాతే ప్యాడ్లు ఆర్డర్ పెట్టండి.

నల్లరేగడి

పాలపిట్ట గారూ, మీరు అడగబట్టి ఈ ఉదయం చూశాను. మూడు చక్రాలు మీరు చెప్పినట్టే ఆగాయి. ఎడమ వైపు వెనక చక్రం మాత్రం మా అబ్బాయి మీట నొక్కి పట్టుకున్నా అలా తిరుగుతూనే ఉంది. కింద దూరి చూస్తే యాక్సిల్ దగ్గర వైరు రాసుకుని రాసుకుని తెగి, రాగి పోగులు ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. ట్రైలర్ మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వైరు ఎప్పుడు తెగిందో ఎవరికి తెలుసు.

పాలపిట్ట

చూశారా! ఆ వైరుని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకండి. కొత్త వైరు ముక్క వేసి, వేడి చేస్తే బిగుసుకునే గొట్టం ఉన్న కనెక్టర్లు వాడండి. మళ్ళీ రాసుకోకుండా యాక్సిల్‌కి క్లిప్పులు కొట్టండి. తర్వాత డ్రమ్ములు విప్పి షూలు (డ్రమ్ముని లోపల్నుంచి రాసి ఆపేవి), మాగ్నెట్లు (కరెంటు రాగానే షూలని కదిలించేవి) చూడండి. బేరింగ్ గ్రీజు కారి షూల మీద పడి ఉంటే కడిగితే పోదు, షూలు మార్చాల్సిందే. ఒక్కో మాగ్నెట్ మూడు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, నాలుగింటికీ కలిపి పన్నెండు రావాలి. మీటర్‌లో తొమ్మిదే చూపిస్తే ఒకటి మొద్దు నిద్రలో ఉన్నట్టు.

బాగు చేశాక కంట్రోలర్‌లో గెయిన్ (ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలనేది) మళ్ళీ సెట్ చేయాలి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20, 25 మైళ్ళ వేగంలో చేతి మీట మాత్రమే నొక్కండి. ట్రైలర్ వెనక్కి గట్టిగా లాగుతున్నట్టు తెలియాలి, చక్రాలు మాత్రం ఈడ్చుకుపోకూడదు. ఈడ్చుకుపోయే దాకా పెంచి అక్కణ్ణుంచి కొంచెం తగ్గించండి. లోడు మారినప్పుడల్లా ఇది మళ్ళీ చేయాలి. విడిపోతే ట్రైలర్‌ని ఆపే బ్రేక్ అవే స్విచ్, దాని బ్యాటరీ కూడా చూడండి.

ఎర్రబస్సు

ఇది నిజంగా మంచి పాయింట్ అక్కా. నా బోటు ట్రైలర్ కూడా ఈ వారాంతంలో చూస్తాను.

కొలిమి అన్నా, రోటర్ల గురించి ఒక డౌట్. పవర్‌స్టాప్ జెడ్36 అని ట్రక్, టోయింగ్ కోసమే కిట్ ఉంది కదా, గాట్లూ రంధ్రాలూ ఉన్న రోటర్లతో వస్తుంది. చాలామంది బాగుందంటున్నారు. అది తీసుకుంటే అయిపోదా?

కొలిమి

వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, తృప్తిగానే ఉన్నారు. నా అభిప్రాయం మాత్రం వేరు. రంధ్రం పెట్టిన చోట ఇనుము పోతుంది, మనకి కావలసిందే ఇనుము. పైగా పదేపదే బాగా వేడెక్కి చల్లారే రోటర్‌లో పగులు మొదలయ్యేది ఆ రంధ్రాల అంచునే. వానలో నీళ్ళు, ప్యాడ్ నుంచి వచ్చే వాయువు పోవడానికి దారి కావాలంటే గాట్లు చాలు. గాట్ల వల్ల ప్యాడ్ కొంచెం ఎక్కువ అరుగుతుంది, గట్టిగా ఆపినప్పుడు గరగరమని వినిపిస్తుంది, అంతే.

కుటుంబంతో ట్రైలర్ లాగే బండికి నేను వేసేది గాట్లూ రంధ్రాలూ లేని మామూలు రోటరే. హై కార్బన్ ఇనుము, మంచి బరువు, టోపీ భాగానికీ (హబ్ మీద కూర్చునే మధ్య భాగం) లోపలి రెక్కలకీ తుప్పు పట్టకుండా పూత. చూడ్డానికి ఏమీ ఉండదు. మిగిలిన డబ్బు బ్రేక్ ఆయిల్ మీద, ట్రైలర్ షూల మీద పెట్టండి.

చలివేంద్రం (బ్రిస్బేన్, ఆస్ట్రేలియా)

ఇక్కడ మేం క్యారవాన్ అంటాం గానీ కథ ఒకటే. ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటితే ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలి, 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, బ్రేక్ అవే కూడా తప్పనిసరి. టూవుంబా కొండ దిగేటప్పుడు మా ఫోర్డ్ రేంజర్ బండి బ్రేకు పెడల్ ఒకసారి మెత్తగా కిందికి దిగిపోయింది. ప్యాడ్లు కొత్తవే. చూస్తే బ్రేక్ ఆయిల్ బండి కొన్నప్పటినుంచీ మార్చలేదు.

కొలిమి గారు ఆయిల్ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఎన్నాళ్ళకి మార్చాలి?

కొలిమి

లోడు లాగే బండికి రెండేళ్ళకోసారి మార్చేయమంటాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ పెడల్ మెత్తగా దిగిపోయింది అందుకే.

ఈ తేడా అందరూ గుర్తుపెట్టుకోండి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వేడికి పట్టు పోయినట్టు. పెడల్ మెత్తబడి నేలకి దిగితే ఆయిల్ మరిగినట్టు. రెండోది వస్తే ఇంజన్ బ్రేకింగ్‌తో పక్కకి తీసి ఆపి, చాలాసేపు చల్లారనివ్వాలి. చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడినా సరే, ఆయిల్ మార్చకుండా ఆ ప్రయాణం కొనసాగించొద్దు.

ఏ రకం వేయాలో బండిలో బ్రేక్ ఆయిల్ పోసే మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 బండిలో డాట్ 4 వేయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, అది ఏబీఎస్ బండికి పోయొద్దు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు.

నల్లరేగడి

నిర్ణయం తీసుకున్నాను. మామూలు పూత రోటర్లు, సివియర్ డ్యూటీ సెమీ మెటాలిక్ ప్యాడ్లు, నాలుగు చక్రాలకీ. కొత్త క్లిప్పులు, డాట్ 4 ఆయిల్. ట్రైలర్‌కి నాలుగు వైపులా షూలు, మాగ్నెట్లు ఉన్న పూర్తి కొత్త సెట్లు. అన్నీ కలిపినా షాపు చెప్పినదానిలో సగం కూడా కాలేదు. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొలిమి

క్యాలిపర్ (ప్యాడ్లని రోటర్ మీదకి నొక్కే భాగం) విప్పాక ఆయిల్ హోస్ మీద వేలాడనీయకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. రోటర్ తీశాక హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. స్టడ్ల (లగ్ నట్లు ఎక్కే బోల్టుల) చుట్టూ ఉండే సన్నటి తుప్పు వలయం చాలు రోటర్ ఊగడానికి. కొత్త రోటర్ ఎక్కించి మూడు నాలుగు నట్లతో బిగించి, ఊగడాన్ని కొలిచే డయల్ గేజ్ పెట్టండి. ఊగడం అంగుళంలో వెయ్యో వంతులు రెండు మూడింటి లోపు ఉంటే సరే. ఎక్కువుంటే రోటర్‌ని ఇంకో స్టడ్ మీదకి తిప్పి పెట్టి మళ్ళీ చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

క్యాలిపర్ పక్కకి జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు తీసి తుడిచి, బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే పూయండి. మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది, పిన్ను ఇరుక్కుపోతుంది. వెనక పార్ట్స్ ఆర్డర్ పెట్టేటప్పుడు పార్కింగ్ బ్రేక్ ఎలక్ట్రికా, మామూలుదా అని సరిచూసుకోండి. ఎలక్ట్రిక్ అయితే సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ నొక్కొద్దు, మోటారు పాడవుతుంది. లగ్ నట్లు ఎఫ్-150కి 150 పౌండ్ అడుగులు, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తోనే. కొంత దూరం తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించి చూడండి.

తర్వాత ప్యాడ్ కాగితంలో రాసిన పద్ధతిలో బెడ్డింగ్ (కొత్త ప్యాడ్లు రోటర్‌కి కుదురుకునేలా బ్రేకు వేయడం) చేయండి. చాలా కంపెనీలు చెప్పేది 30 మైళ్ళ వేగం నుంచి ముప్పై సార్లు బ్రేకు వేయమని, మధ్యలో ముప్పై సెకన్లు చల్లారనిస్తూ. ట్రైలర్ లేకుండానే చేయాలి. కొత్త ప్యాడ్లతో నేరుగా కొండ ఎక్కేయకండి.

కొండదారి

ఇంకొకటి. చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని బండిలో పెట్టుకో అన్నా. ఆగిన ప్రతిచోటా ట్రైలర్ నాలుగు డ్రమ్ములూ కొలువు. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే అది పని చేయట్లేదు. ఒకటే బాగా కాలిపోతుంటే బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగ్ పోతోంది. రటోన్ పాస్ 7,834 అడుగులే, వాలు కూడా ఐ-70 అంత ఉండదు. అది దిగాక ట్రినిడాడ్‌లో ఆగి కొలిస్తే అసలు కొండకి ముందే నీకు లెక్క తెలుస్తుంది.

నల్లరేగడి

పని అయిపోయింది. ట్రైలర్ నాలుగు చక్రాలూ ఇప్పుడు మీట నొక్కగానే ఆగుతున్నాయి. బండి వణుకు పోయింది. బెడ్డింగ్ కూడా చేశాను. ముందు కుడి వైపు హబ్ మీద కొలిమి గారు చెప్పిన తుప్పు వలయం అలాగే ఉంది, గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది.

ఒక్క సందేహం మిగిలింది. ఆ కుడి చక్రం పాత ప్యాడ్లలో లోపలిది దాదాపు ఇనుప పలక దాకా అరిగింది, బయటిది మాత్రం ఇంకా సగం ఉంది. ఎడమ వైపు రెండూ సమానంగా ఉన్నాయి. క్యాలిపర్ కూడా మార్చాలా?

కొలిమి

లోపలిది ఒక్కటే అరిగిందంటే క్యాలిపర్ పక్కకి జరగట్లేదు. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతోంది, పిన్నులు ఇరుక్కోవడం వల్ల బయటి ప్యాడ్ రోటర్ దాకా రావట్లేదు. విప్పినప్పుడు ఆ పిన్నులు చేత్తో లాగితే వచ్చాయా, సుత్తితో కొట్టాల్సి వచ్చిందా?

నల్లరేగడి

కింది పిన్ను ఇరుక్కుని ఉంది, మెలితిప్పి లాగాల్సి వచ్చింది. శుభ్రం చేసి గ్రీజు పూశాక రెండూ వేలితో నెడితే జరుగుతున్నాయి. పిస్టన్ కూడా సాఫీగానే లోపలికి వెళ్ళింది. దాని రబ్బరు ఎక్కడా చిరగలేదు.

కొలిమి

అయితే క్యాలిపర్ బాగానే ఉంది, మార్చక్కర్లేదు. కింది పిన్ను మీద గుంటలు, తుప్పు మచ్చలు ఉంటే మాత్రం ఆ పిన్నులూ రబ్బరు తొడుగులూ ఉన్న చిన్న కిట్ కొని మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. బయల్దేరే ముందు ట్రైలర్ కట్టి ఊళ్ళోనే ఒక అరగంట తిరిగి, ఆగగానే ముందు రెండు రోటర్ల వేడి కొలవండి. కుడి ఎడమలు దగ్గరగా ఉంటే నిశ్చింతగా వెళ్ళిరండి.